అందమైనవే, అడిగేవాళ్ళే లేరు: మన వైపు దొరికే పాత హుషారు కార్లలో ఏది కొనాలి?

మొన్న చిత్తూరు గ్రీమ్స్‌పేటలో టీ కోసం కారు ఆపితే ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "ఇది పద్మినీనా సామీ?" అన్నాడు. కాదు, స్టాండర్డ్ గెజెల్ అన్నాను. "ఓహో, అంబాసిడర్ వాళ్ళదా" అని తల ఊపి వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళుగా ఈ కారు నడుపుతున్నాను. చూడగానే దీని పేరు సరిగ్గా చెప్పినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకాయన రిటైరైన డాక్టరు, రెండో ఆయన పంక్చర్లు వేసే భాయ్.

ఈ కారు చూసి నన్ను అడిగేవాళ్ళందరిదీ ఒకటే కోరిక. పాత కారు కావాలి, చూడ్డానికి బాగుండాలి, నడిపితే హుషారుగా ఉండాలి, ఊళ్ళో అందరి దగ్గరా ఉండేది కాకూడదు. జాగ్వార్ ఈ-టైప్ లాంటివి పోస్టర్ మీద చూసుకోవలసిందే కాబట్టి వాటి జోలికి పోను. మన దేశంలో తయారై, మన రోడ్ల మీద తిరిగి, మనం మర్చిపోయిన వాటి గురించే చెబుతాను. వీటిలో పుట్టుకతో స్పోర్ట్స్ కారు అనదగ్గది ఒక్కటే. మిగతావి ఆ రక్తం ఎంతోకొంత ఉన్నవి.

తిరుపతి, చిత్తూరు వాళ్ళకి ఇందులో ఒక అదృష్టం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈ కార్లలో చాలావాటి పుట్టిల్లు మనకి మూడు, నాలుగు గంటల దూరంలోనే. స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులో తయారైంది. ఫోర్డ్ ఐకాన్ మరైమలై నగర్‌లో. మిత్సుబిషి లాన్సర్ అయితే మనం పుత్తూరు, తిరుత్తణి మీదుగా చెన్నై వెళ్ళేటప్పుడు దాటే తిరువళ్ళూరులో. పాత స్పేర్ పార్టులకి పేరున్న పుదుపేట చెన్నైలోనే ఉంది. హైదరాబాదు వాడికి రెండు రోజుల పని మనకి ఒక్క ఆదివారంలో తెమిలిపోతుంది. నా ఎంపికంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు చెన్నైకి ఒక ఫోన్ కొట్టి, ఆ కారు హెడ్‌లైటు, ముందు అద్దం, క్లచ్ ప్లేటు దొరుకుతాయా అని అడగండి. "చూద్దాం సార్" అంటే దొరకవని అర్థం.

ముందు నా సొంత పిచ్చితో మొదలుపెడతాను. నా గెజెల్‌కి మూలం స్టాండర్డ్ హెరాల్డ్. హెరాల్డ్‌ను గీసింది ఇటలీ డిజైనర్ జియోవానీ మికెలోట్టి. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా 1959లో వచ్చింది, 1961 నుంచి మన దగ్గర స్టాండర్డ్ పేరుతో తయారైంది. ఇంగ్లండులో ఇదే చాసిస్‌ను, అంటే కారు అడుగు చట్రాన్ని కత్తిరించి, దాని మీద మికెలోట్టి చేతే రెండు సీట్ల ఒళ్ళు గీయించి, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అన్నారు. స్పిట్‌ఫైర్ అంటే ఇవాళ్టికీ జనం ఎగబడతారు. దాని తోబుట్టువు మాత్రం మన ఊళ్ళలో కోళ్ళ షెడ్ల పక్కన టార్పాలిన్ కింద పడి ఉంటుంది.

దీని అందం నిలబెట్టిన కారులో కనపడదు, బానెట్ తెరిచినప్పుడు తెలుస్తుంది. రెండు పక్కలా గొళ్ళేలు తీస్తే బానెట్, మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ ఒకే ముక్కగా ముందుకి వాలిపోతాయి. ముందు చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇక మలుపు సంగతి. పూర్తిగా తిరగడానికి 25 అడుగులు చాలు. గాంధీ రోడ్డు సందుల్లో ఆటోవాడు రివర్సు కొట్టే చోట నేను ఒకే తిప్పులో బయటపడతాను. ఆ ఒక్క సంతోషానికే ఈ కారు కొనవచ్చు అనిపిస్తుంది కొన్ని రోజుల్లో.

ఇంజన్ చిన్నది, 948 సీసీ. వేగం ఆశించకండి. మొగిలి ఘాట్‌లో లారీ వెనక ఇరుక్కుంటే బంగారుపాళెంలో మొదలైన ఓపిక పలమనేరు దాకా ఉండాలి.

హెరాల్డా, గెజెలా అన్న ప్రశ్న వస్తే వెనక ఇరుసు చూడండి. హెరాల్డ్‌లో వెనక చక్రాలు దేనికది విడిగా ఊగుతాయి, పైన అడ్డంగా ఒకటే కమాన్ కట్ట. మామూలు రోడ్డు మీద మెత్తగా పోతుంది. కానీ భాకరాపేట ఘాట్ దిగుతూ మలుపులోకి వేగంగా దూరి, భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేశారనుకోండి. వెనకభాగం పైకి లేస్తుంది, చక్రం లోపలికి ముడుచుకుంటుంది, తోక పక్కకి జారిపోతుంది. అప్పటి మెకానిక్కులకి కూడా ఆ అమరిక తలనొప్పే. 1970ల్లో వచ్చిన గెజెల్‌లో దాన్ని తీసేసి మామూలు ఇరుసు పెట్టారు. అందుకే నేను గెజెల్ తీసుకున్నాను. అందం మాత్రం రెండు తలుపుల పాత హెరాల్డ్‌దే, ఒప్పుకుంటాను. గెజెల్ నాలుగు తలుపులది, మూతి కూడా మార్చేశారు.

కొనేటప్పుడు రెండు పరీక్షలు చేయండి. ఇంజన్ ఆపేసి ఒకరిని క్లచ్ తొక్కమని, మీరు ఇంజన్ ముందు వైపు బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీ మీద కన్నేసి ఉంచండి. తొక్కిన ప్రతిసారీ పుల్లీ కంటికి కనపడేంతగా ముందుకి జరుగుతుంటే లోపల క్రాంకుని ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయన్నమాట. అవి ఊడి సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో పడితే క్రాంకు, బ్లాకు రెండూ పోతాయి. రెండోది ముందు చక్రాల కింద, ట్రనియన్ అనే కంచు ముక్క దగ్గర. దానికి పట్టవలసింది గేర్ ఆయిల్, గ్రీజు కాదు. మన షెడ్లలో నిపుల్ కనపడితే చాలు గ్రీజు గన్ పెట్టేస్తారు. గ్రీజు గట్టిపడి, లోపల ఎండిపోయి, ఒకరోజు స్టీరింగ్ తిప్పుతుండగా అందులో తిరిగే కడ్డీ విరిగి చక్రం పడుకుంటుంది. మా మెకానిక్కు ఇది మూడుసార్లు చెప్పాను. "ముప్పై ఏళ్ళుగా గ్రీజే కొడుతున్నా సామీ" అన్నాడు. ఇప్పుడు ఆ పని నేనే చేసుకుంటున్నాను.

నేను మోసపోయిన సంగతి కూడా చెప్పాలి. నా గెజెల్ ఒక బ్రోకరు దగ్గర కొన్నాను. కొత్త పెయింటు, అద్దంలా మెరుస్తోంది. మొదటి వానాకాలం దాటాక డిక్కీ కింద పెయింటు బుడగలు లేచింది. గోటితో గీకితే పుట్టీ, పుట్టీ వెనక పేపరు, పేపరు వెనక గాలి. చాసిస్ పక్కకి చాచిన చేతులు రెండు తుప్పుకి చిల్లులు పడి ఉన్నాయి. టింకరింగ్‌కి అయిన ఖర్చు కారు ఖరీదులో సగం దాటింది. అప్పటి నుంచి ఏ పాత కారు చూడ్డానికి వెళ్ళినా ఫ్రిజ్ మీద అతికించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుంటాను. అంటుకోని చోట ఇనుము లేదు. అంతే పరీక్ష.

కాంటెస్సా గురించి క్లుప్తంగా చెబుతాను. దాన్ని ఇంకా ఎవరూ పట్టించుకోని కారు అనలేం, ధర చెప్పేవాళ్ళకి సంగతి తెలిసిపోయింది. ఇంగ్లండు కారు వాక్స్‌హాల్ వీఎక్స్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1984లో మొదలుపెట్టి 2002 దాకా చేసింది. పొడవైన బానెట్, వెనక చక్రాలకి లాగుడు, అమెరికా కండల కారు వాలకం. మొదట్లో వచ్చిన వాటిలో 1489 సీసీ పాత ఇంజన్, దాదాపు 50 గుర్రాల శక్తి. పహిల్వాన్ ఒంటికి పిల్లవాడి గుండె పెట్టినట్టు. కొంటే తర్వాత వచ్చిన ఇసుజు 1.8 పెట్రోల్, ఐదు గేర్లది మాత్రమే కొనండి. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ ఉంది కదా, పార్టులు పక్కనే అని ఒకాయన నాతో చాలా ఉత్సాహంగా అన్నాడు. అక్కడ తయారయ్యేవి పికప్పులు, ఎస్‌యూవీలు. కాంటెస్సా గ్యాస్కెట్ అడిగితే గేటు దగ్గర సెక్యూరిటీ నవ్వుతాడు.

అసలు సిసలు స్పోర్ట్స్ కారు శాన్ స్టార్మ్. రెండే సీట్లు, విప్పే పైకప్పు, ఫైబర్ గ్లాసు ఒళ్ళు. బెంగళూరుకి చెందిన శాన్ సంస్థ 1990ల చివర్లో గోవాలో దీన్ని తయారుచేసింది. 1149 సీసీ రెనో ఇంజన్, 60 గుర్రాలు. కాగితం మీద చూస్తే పెద్ద సంఖ్య కాదు గానీ, కారు చిన్నది, నేలకి దగ్గరగా కూర్చుంటారు, కప్పు తీసేసి ఉంటుంది. రేణిగుంట రోడ్డు మీద పొద్దున్నే ఒకరి బండి అరగంట నడిపాను. 60 కిలోమీటర్ల వేగం 90లా అనిపించింది. అదే దీని అసలు ఆస్తి. చలానా పడని వేగంలోనే సంబరం అయిపోతుంది.

అందం సంగతికొస్తే ముందు నుంచి ముద్దుగా ఉంటుంది. వెనక నుంచి చూస్తే గీసేవాడికి ఇంటికి టైమైందేమో అనిపిస్తుంది. అది నా ఒక్కడి అభిప్రాయం, దీని యజమానులు నాతో గొడవకి దిగుతారు. ఫైబర్ ఒళ్ళు కాబట్టి తుప్పు బెడద లేదు, నా అయస్కాంతం ఇక్కడ పనికిరాదు. కానీ తలుపుల మూలల్లో, బానెట్ అంచుల్లో సన్నటి పగుళ్ళు చూడాలి. మామూలు టింకరుకి ఇది అప్పజెప్పకండి, సుత్తి పడితే అయిపోయింది. ఫైబర్ పని తెలిసినవాళ్ళు కావాలి. బస్సులకి, వాటర్ ట్యాంకులకి ఫైబర్ పని చేసేవాళ్ళు కొంతవరకు చేయగలరు. ఇంజన్ రెనోది అని ధైర్యపడకండి. ఆ తరం రెనో చిన్న కార్లు మన దేశంలో అమ్మలేదు, కాబట్టి పక్క కారు నుంచి పార్టు తీసి వేసే వీలు తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో మిట్టమధ్యాహ్నం కప్పు తీసి తిరగడం అంటే పెనం మీద కూర్చోవడమే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున హార్స్‌లీ హిల్స్ ఎక్కడానికైతే ఇంతకన్నా మంచి బండి ఈ జాబితాలో లేదు. ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్ళే దీని జోలికి వెళ్ళండి.

ఇక ఇంటిల్లిపాదీ ఎక్కగలిగే మూడు కార్లు. వీటిని ఇంకా ఎవరూ క్లాసిక్ అనడం లేదు. అందుకే ఇప్పుడు కొనాలి అంటాను.

ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ 2001లో వచ్చింది. అంత చిన్న ఒంట్లో 1596 సీసీ, 100 గుర్రాల ఇంజన్. అప్పట్లో సచిన్ టెండుల్కర్ సంతకంతో ఎస్10 అనే ప్రత్యేక రకం కూడా తెచ్చారు. అలాంటిది ఎవరైనా అమ్మజూపితే సంతకానికి డబ్బు కట్టే ముందు ఇంజన్ సైజు ఆర్సీలో చూసుకోండి. 1.2 పాలియోకి స్టిక్కర్ అంటించడం పెద్ద విద్య కాదు. నడపడంలో ఈ మూడింటిలో ఇదే రాజు. స్టీరింగ్ బరువుగా, నిజాయితీగా ఉంటుంది. గుంటల్లో పడ్డా ఒళ్ళు ఝల్లుమనదు. తాగుడు మాత్రం దారుణం. ఊళ్ళో తిరిగితే పెట్రోలు ముల్లు మీ కళ్ళ ముందే దిగుతుంది. తలుపులు, అద్దాలు 1.2 పాలియోవే సరిపోతాయి, అవి దొరుకుతాయి. 1.6 ఇంజన్‌కే ప్రత్యేకమైన పార్టుల కోసం మాత్రం వెతుకులాట తప్పదు.

ఫోర్డ్ ఐకాన్ 1.6. "జోష్ మెషిన్" అని ప్రకటనల్లో ఊదరగొట్టారు, గుర్తుందా? 1999లో వచ్చింది, 92 గుర్రాలు. అందమైనదా అంటే నేను కొంచెం నీళ్ళు నములుతాను. చూడగానే ప్రేమలో పడే ముఖం కాదు. కానీ మొండిది. ఇంజన్ లోపలి వాల్వులను నడిపేది టైమింగ్ బెల్టు కాదు, చెయిన్. బెల్టు తెగి ఇంజన్ పోతుందన్న టెన్షన్ లేదు. దీనికి తెలిసిన జబ్బు ఒకటుంది. ఇంజన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఉండే డబ్బా (హౌసింగ్) ప్లాస్టిక్‌ది, వేడికి పగిలి నీళ్ళు కారుతుంది. మన ఎండల్లో అది వదిలేసే విషయం కాదు. కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ చుట్టుపక్కల కూలెంట్ ఎండిన తెల్లటి చారలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే, ఎప్పుడైనా ఇంజన్ వేడెక్కి ఆగిందా అని అడగండి. అమ్మేవాడు "లేదు" అనేముందు ఎంతసేపు ఆలోచించాడో గమనించండి.

మూడోది లాన్సర్. 1998లో తిరువళ్ళూరులో మొదలైంది. నా దృష్టిలో ఈ మూడింటిలో అందగత్తె ఇదే. ఒక్క అనవసరమైన గీత లేదు, నడుము సన్నం, నేలకి ఒదిగి నిలబడుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా పాతదనిపించని గీత అది. వెనక సస్పెన్షన్ మల్టీలింక్, అంటే ఒక్కో చక్రాన్ని కొన్ని కడ్డీలు విడిగా పట్టి ఉంచే అమరిక, ఆ రోజుల్లో ఆ ధరకి అది గొప్పే. మన దేశపు ర్యాలీల్లో చాలామంది దీన్ని నమ్ముకోవడానికి అదొక కారణం. 1.5 పెట్రోల్ చాలు. డీజిల్ లాన్సర్ మైలేజీ కోసం కొన్నారు జనం, హుషారు కోసం కాదు. అది ఊరికే వస్తే తప్ప వద్దు. 2006లో వచ్చిన తర్వాతి తరం లాన్సర్, సెడియా 2.0, 115 గుర్రాలది. దాని బలం వేరే, దొరికితే మంచిదే, కానీ ముఖం పాత లాన్సర్ అంత బాగుండదు.

లాన్సర్‌కి ఇబ్బందులు రెండు. ఒకటి, కడుపు నేలకి దగ్గర. మన పల్లెల్లో ఊరికి ఆరు చొప్పున వేసే స్పీడ్ బ్రేకర్లకి నలుగురు ఎక్కితే తగులుతుంది. సంప్ కింద గీతలు, నొక్కులు చూడకుండా కొనకండి. రెండు, టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించుకుని, ఇంటికి తెచ్చిన మర్నాడే మార్పించండి.

నన్ను ఒక్క మాట చెప్పమంటే, మొదటిసారి పాత కారు కొనేవాళ్ళు తిరుపతిలో ఉంటే లాన్సర్ పెట్రోల్ కొనండి. చిత్తూరులో ఉండి వారానికోసారి బెంగళూరు రోడ్డు ఎక్కేవాళ్ళైతే, పెట్రోలు ఖర్చుకి వెనకాడకపోతే, పాలియో. మెకానిక్కుల చుట్టూ తిరిగే ఓపిక లేనివాళ్ళకి ఐకాన్. హెరాల్డ్, గెజెల్ మాత్రం చేతులకి ఆయిల్ అంటడం ఇష్టమైనవాళ్ళకే. నేను కొన్నది మీకు కొనమని చెప్పడం లేదని గమనించే ఉంటారు.

కాగితాల సంగతి చెప్పకపోతే సగం చెప్పినట్టే. ఢిల్లీలో లాగా వయసు దాటిన కార్లు తిరగకూడదన్న నిషేధం మన దగ్గర లేదు. కానీ పదిహేనేళ్ళు నిండిన సొంత కారుకి ఆర్సీ ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. దానికి ఫిట్‌నెస్ చూస్తారు, గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు చేశారు. 2025లో ఇరవై ఏళ్ళు దాటిన వాటికి 10,000 చేశారు. వేలూరు, కోలారు వైపు కార్లు చవగ్గా కనపడతాయి. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చి ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చి, లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ చవక ఎగిరిపోవచ్చు. చాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయిందా అని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది మరీ చూసుకోండి. తుప్పుకి ఆ అంకెలే కనపడకపోతే ఆర్టీవో ఆఫీసు మెట్లు అరిగేలా తిరగాలి.

యాభై ఏళ్ళు దాటిన కారుని వింటేజ్ కింద నమోదు చేయించుకునే పద్ధతి 2021లో వచ్చింది. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు. హెరాల్డ్‌లు దీనికి అర్హమే, గెజెల్‌లు ఒక్కొక్కటిగా ఆ వయసుకి చేరుతున్నాయి. అయితే ఆ నంబరు తీసుకుంటే రోజూ తిప్పే హక్కు పోతుంది. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు, పెట్రోలు పోయించుకోవడం, అంతే. టీకి వెళ్ళడం ఆ జాబితాలో లేదు. అందుకే నేను తీసుకోదలచుకోలేదు.

ఇంకో రెండు మాటలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్ల రబ్బరు పైపులకి అది పడదు. ఏ కారు కొన్నా ముందు ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే కొత్తవి వేయించండి, ఖర్చు తక్కువే. అలాగే పాత బండి కొనగానే తిరుమల కొండకి తీసుకెళ్ళి పూజ చేయిద్దామని ఉంటుంది మనకి. పాత వాహనాల విషయంలో అప్పటికి ఏ నిబంధన ఉందో అలిపిరి దగ్గర కనుక్కున్నాకే బయలుదేరండి. కింద కపిలతీర్థం దగ్గర నిమ్మకాయలు తొక్కించినా కారు కాదనదు.

ఇదంతా పోయిన దసరాకి మా బామ్మర్దికి గంటన్నర కూర్చోబెట్టి చెప్పాను. ఇద్దరు పిల్లలు, తిరుచానూరు రోడ్డులో ఇల్లు, ఇంట్లో వేరే కారు లేదు. శ్రద్ధగా విన్నాడు, లాన్సర్ గురించి రెండు మంచి ప్రశ్నలు కూడా వేశాడు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "బావా, పసుపు రంగు శాన్ స్టార్మ్ ఒకటి బెంగళూరులో ఉందంట, ఆదివారం వస్తావా?" అన్నాడు. పిల్లలు ఎక్కడ కూర్చుంటారని అడిగాను. అవతల నుంచి మా చెల్లెలి గొంతు వినపడింది, అదే ప్రశ్న ఇంకొంచెం గట్టిగా అడుగుతోంది. ఫోన్ కట్ అయింది.

ఆదివారం మేమిద్దరం వెళ్ళాం. తలుపు మూలన రెండు పగుళ్ళు ఉన్నాయి.